ట్వంటీ టూ తర్వాత ఏ పిస్టల్? నా అనుభవం

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. మా క్లబ్బులో చలికాలమంతా ఇండోర్ లీగ్ నడుస్తుంది. ఆడేది బుల్స్‌ఐ. అంటే పిస్టల్‌ని ఒంటిచేత్తో పట్టుకుని పాతిక గజాల దూరంలో ఉన్న కాగితం మీద కాల్చడం. మొదట పది నిమిషాల్లో పది తూటాలు, తాపీగా. తర్వాత ఇరవై సెకన్లలో ఐదు, ఆ తర్వాత పది సెకన్లలో ఐదు. పూర్తి పోటీలో .22 (ట్వంటీ టూ), సెంటర్‌ఫైర్ (ఇదేమిటో కింద చెబుతాను), .45 అని మూడు భాగాలుంటాయి. ఈ అంకెలు కాలిబర్, అంటే అంగుళాల్లో తూటా అడ్డకొలత. ఒక్కోదానికి 90 తూటాలు, 900 పాయింట్లు. మూడూ కలిపితే 2700. ఒహాయోలోని క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి, అక్కడ పిస్టల్ వాళ్లు తలపడేది ఈ 2700 కోసమే.

నేను రూగర్ మార్క్ 4 అనే పిస్టల్‌తో .22 భాగం మాత్రమే ఆడుతూ వచ్చాను. దాని మీద చెయ్యి కుదిరాక రెండో భాగం కూడా ఆడాలన్న కోరిక పుట్టింది. దానికి .32 గానీ అంతకంటే పెద్ద కాలిబర్ గానీ ఉన్న సెంటర్‌ఫైర్ పిస్టల్ కావాలి. బడ్జెట్ ఐదారు వందల డాలర్లు. ఆ డబ్బుతో ఏం కొనాలో తేల్చుకోవడానికి దాదాపు ఒక సీజన్ పట్టింది. ఇదంతా రాయడానికి కారణం, ఈ విషయాలు తెలుగులో నాకు ఎక్కడా దొరకలేదు. ఇక్కడి మనవాళ్లలో షూటింగ్ మీద ఇష్టమున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ పిచ్చి నాకు డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపుల్లో అంటుకుంది. బోర్లా పడుకుని .22 రైఫిల్‌తో కాల్చడం, తర్వాత పరుగెత్తుకెళ్లి కాగితం మీద చిల్లులు చూసుకోవడం. సెంటర్‌ఫైర్ పిస్టల్ అన్న మాట మన దేశంలో జనం నోళ్లలో నానిందంటే అది జస్పాల్ రాణా వల్లే. 1994లో హిరోషిమా ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల సెంటర్‌ఫైర్‌లో స్వర్ణం గెలిచాడు. 2006లో దోహాలో అదే ఈవెంట్‌లో 600కి 590 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డుని సమం చేశాడు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్ కూడా అలాంటిదే, కాకపోతే అందులో వాడేది .22. అంతర్జాతీయ సెంటర్‌ఫైర్ ఈవెంట్‌కి చాలామంది వాడే .32 పిస్టళ్లు ఇటలీ, జర్మనీల నుంచి వస్తాయి. ఖరీదు రెండు వేల డాలర్ల పైమాటే. వాటి జోలికి నేను వెళ్లలేదు.

తేడా తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. .22 తూటాకి నిప్పు రగిలించే మందు అడుగున అంచు చుట్టూ ఉంటుంది, అందుకే అది రిమ్‌ఫైర్. 9 ఎంఎం, .38, .45 లాంటి వాటికి అడుగున నట్టనడుమ చిన్న ప్రైమర్ ఉంటుంది. పిన్ను దాని మీద తగిలితేనే తూటా పేలుతుంది. శక్తి ఎక్కువ, వెనక్కి తన్నడం ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

ఏ పిస్టల్ అనే ముందు, అసలు కొనే అర్హత ఉందా అన్నది చూసుకోవాలి. మనవాళ్లు చాలామంది హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉంటారు. ఇలాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడాన్నే కాదు, దగ్గర ఉంచుకోవడాన్ని కూడా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చడం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. ‘అద్దెకే కదా, ఏమవుతుంది’ అని స్నేహితులతో కలిసి వెళ్లేవాళ్లు ఇది గమనించాలి. ఇమిగ్రేషన్ ఫైలు నడుస్తుండగా ఇలాంటి విషయంలో సాహసం చేయొద్దు, లాయర్‌ని అడిగి తెలుసుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. నేను గ్రీన్ కార్డు వచ్చాకే రేంజ్ గడప తొక్కాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. వీసా మీదున్న స్నేహితుడు ‘నీ పేరు మీద కొని నాకివ్వరా, డబ్బులు నేనిస్తాను’ అంటే ఎంత దగ్గరివాడైనా కుదరదని చెప్పాలి. కొనేటప్పుడు నింపే ఫారంలో ‘అసలు కొంటున్నది మీరేనా’ అని సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం చెప్పడం ఫెడరల్ నేరం.

ఇక లెక్కలు. సీజన్‌లో వారానికి వంద తూటాలైనా కాల్చకపోతే సెంటర్‌ఫైర్‌లో ముందుకెళ్లడం కష్టం. ఏడాదికి ఐదు వేలనుకుందాం. నేను కొనే రోజుల్లో 9 ఎంఎం మామూలు ఇత్తడి తూటాలు వెయ్యి చొప్పున తెప్పించుకుంటే ఒక్కోటి పాతిక సెంట్ల చుట్టుపక్కల పడింది. .45 అయితే నలభై పైన, .38 స్పెషల్ కూడా అంతే. అంటే ఐదు వేల తూటాలకి 9 ఎంఎంకి 1,250 డాలర్లు, .45కి రెండు వేల పైచిలుకు. ఏడాది తిరిగేసరికి ఆ తేడా డబ్బుతో ఇంకో పిస్టల్ వస్తుంది. 2020, 2021లో కొరత వచ్చినప్పుడు 9 ఎంఎం ధర కూడా రెండు మూడింతలైంది, కానీ అప్పుడు మిగతావి దొరకడమే గగనమైంది. తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లకి ఈ లెక్క మారుతుంది. మా గ్యారేజీలో పిల్లల సైకిళ్లకే చోటు చాలదు, కాబట్టి ఆ దారి ప్రస్తుతానికి వదిలేశాను.

లీగ్‌లో నాకు మొదటి నుంచీ నేర్పిస్తున్న ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరైన మెషినిస్ట్. ఆయన మాట వేరు. “.45 నైన్టీన్ లెవెన్ కొను. సెంటర్‌ఫైర్ భాగంలోనూ అదే వాడొచ్చు, .45 భాగంలోనూ అదే. ఒక్క పిస్టల్‌తో రెండు భాగాలు ఆడేస్తావు” అన్నారు. పాత కాపులందరూ చేసేది అదే, మాటలో న్యాయముంది. 1911 అంటే జాన్ బ్రౌనింగ్ రూపొందించగా అమెరికా సైన్యం 1911లో తీసుకున్న పిస్టల్. ఇప్పటికీ బుల్స్‌ఐ లైన్లో అటూ ఇటూ చూస్తే ఎక్కువగా కనిపించేది అదే. ఆయన తన .45ని నా చేతికిచ్చి కాల్చమన్నారు. ఒంటిచేత్తో తాపీగా కాల్చినంతసేపూ బాగానే ఉంది. పది సెకన్లలో ఐదు అనేసరికి ప్రతి దెబ్బకీ పట్టు జారి, మూడో తూటాకల్లా అరచేతిలో పిస్టల్ ఉన్న తీరే మారిపోయింది. నేర్చుకుంటే వస్తుందని నాకూ తెలుసు. కానీ నేర్చుకునే దశలో ఒక్కో తూటాకి దాదాపు రెట్టింపు డబ్బు పెట్టడం నాకు సరికాదనిపించింది. తన్ను తక్కువగా ఉండే 9 ఎంఎంతో ఒంటిచేతి పట్టు గట్టిపడ్డాక .45కి వెళ్లొచ్చని నిర్ణయించుకున్నాను. ఆయన కాదనలేదు. “అయితే ట్రిగ్గర్ చూసి కొను, మిగతా ఏదీ చూడకు” అన్నారు.

ఆ మాట ఎంత నిజమో ఒక చిన్న లెక్క చెబుతుంది. పిస్టల్ మీద గురి చూసుకునే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం ఆరున్నర అంగుళాలనుకోండి. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ముందు సైట్ పావు మిల్లీమీటరు పక్కకి జరిగితే పాతిక గజాల దగ్గర తూటా దాదాపు మూడున్నర సెంటీమీటర్లు పక్కకి పోతుంది. మేము వాడే బీ-8 కాగితంలో పది పాయింట్ల వృత్తం అడ్డకొలత 3.36 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. పావు మిల్లీమీటరుకే నడి మధ్య నుంచి దాదాపు ఆ వృత్తం అంచు దాకా వచ్చేస్తామన్నమాట. పిస్టల్ బరువు కిలో, ట్రిగ్గర్ బరువు ఆరు పౌండ్లనుకోండి, అంటే రెండున్నర కిలోల పైన. పిస్టల్ బరువుకి రెండున్నర రెట్లకి పైగా బలంతో చూపుడువేలు లాగుతున్నా, పిస్టల్ పావు మిల్లీమీటరు కూడా కదలకూడదు. రెండు చేతులతో పట్టుకుంటే రెండో చెయ్యి కాస్త ఆదుకుంటుంది. ఒంటిచేత్తో ఆ ఆసరా లేదు. ట్రిగ్గర్ తేలికగా ఉండటం కంటే, ఎక్కడ తెగి తూటా పేలుతుందో వేలికి తెలియడం ముఖ్యం. లాగుతుంటే ఇసుకలో ఈడ్చినట్టు గరగరమంటూ జరిగి ఎప్పుడో తెగే ట్రిగ్గర్ ఉంటుంది. గోడకి ఆనినట్టు ఆగి, కాస్త ఒత్తిడి పెంచగానే టప్పున తెగేదీ ఉంటుంది. తెగాక వేలు ఇంకా వెనక్కి ఎంత జరుగుతుందన్నది కూడా చూడాలి.

మా దగ్గరి ఇండోర్ రేంజ్‌లలో పిస్టళ్లు అద్దెకిస్తారు. అద్దె ఒక పూట భోజనమంత ఉంటుంది, తూటాలు మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. కొనాలనుకున్న ప్రతిదాన్నీ ఒకే పద్ధతిలో పరీక్షించాను. ముందు బల్ల మీద ఇసుక సంచి పెట్టి, దానికి చేతులు ఆనించి రెండు చేతులతో ఐదు తూటాలు. ఇది పిస్టల్ సత్తా. తర్వాత కొత్త కాగితం మీద ఒంటిచేత్తో పది. ఇది ఆ పిస్టల్‌తో నా సత్తా. రెండు కాగితాల మీదా పిస్టల్ పేరు రాసి దాచుకున్నాను. రేంజ్‌లో ఏడు గజాల దగ్గర కాల్చి ‘భలే ఉంది’ అనుకుంటే ఏమీ తెలియదు, అంత దగ్గర్లో అన్నీ బాగానే కొడతాయి. పాతిక గజాల దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది.

గ్లాక్ 34తో మొదలుపెట్టాను. పొడవు బ్యారెల్, నమ్మకమైన యంత్రం. ఇసుక సంచి మీద మంచి గ్రూప్ ఇచ్చింది, అంటే చిల్లులు దగ్గర దగ్గరగా పడ్డాయి. ఒంటిచేత్తో మాత్రం నా తూటాలన్నీ ఎడమవైపు కిందికి చెదిరాయి. ట్రిగ్గర్ లాగుతూ మణికట్టు దించేస్తున్నానన్నమాట. ఆ అలవాటు ఎటూ మానాల్సిందే, కానీ ఆ ప్లాస్టిక్ ట్రిగ్గర్‌తో మానడం కష్టం. పైగా నా బడ్జెట్ దాటింది.

కనిక్ టీపీ9 ఎస్ఎఫ్ఎక్స్ తుర్కియేలో తయారవుతుంది. ధరకి మించిన వస్తువు అది. 5.2 అంగుళాల బ్యారెల్, ఫ్యాక్టరీ నుంచి వచ్చే ట్రిగ్గరే చాలా శుభ్రంగా తెగుతుంది. రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) పెట్టుకోవడానికి స్లైడ్ మీద, అంటే కాల్చినప్పుడు ముందుకీ వెనక్కీ కదిలే పై భాగం మీద, చోటు కూడా ఇచ్చారు. రెండు చేతులతో, వేగంగా ఆడే పోటీలకి వెళ్లేవాళ్లు ఎవరైనా నన్నడిగితే దీన్నే చెబుతాను. నాకు అభ్యంతరమల్లా బరువు. ఫ్రేమ్, అంటే కింది చట్రం, పాలిమర్ (ప్లాస్టిక్) కావడంతో తేలికగా ఉంటుంది, ఒంటిచేత్తో చాచి పట్టినప్పుడు మూతి నిలవదు. ఉక్కు పిస్టల్ బరువుకి మూతి తిరుగుడు నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదిలో ట్రిగ్గర్ తెంచడానికి వ్యవధి దొరుకుతుంది.

పోలీసు శాఖలు వాడి అమ్మేసిన .40 కాలిబర్ పిస్టళ్లు మూడొందలకే దొరుకుతాయి. 2010ల మధ్యలో ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎంకి మళ్లాక మిగతా శాఖలూ అదే బాట పట్టాయి, దాంతో ఇవి కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. చవకే, కానీ తూటా ఖరీదెక్కువ, తన్ను చురుక్కుమంటుంది. టార్గెట్ కోసమైతే వద్దు.

రివాల్వర్ దగ్గర మాత్రం మనసు చాలా లాగింది. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 14 అని ఆరంగుళాల బ్యారెల్‌తో, స్క్రూతో సరిచేసుకునే సైట్లతో, టార్గెట్ కోసమే పుట్టిన పాత .38. క్లబ్బులో ఒకాయన దగ్గర ఉంది. వెనక ఉండే సుత్తిని (హ్యామర్) బొటనవేలితో వెనక్కి లాగి కాలిస్తే ట్రిగ్గర్ గాజుపుల్ల విరిగినట్టు తెగుతుంది. 148 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) వాడ్‌కటర్ తూటాలకి మూతి బల్లపరుపుగా ఉంటుంది. అవి కాగితాన్ని చింపవు, పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు గుండ్రటి చిల్లు పెడతాయి. ఆ కాగితం చూడటమే ఒక ఆనందం. కానీ పది సెకన్లలో ఐదు తూటాలు ఒంటిచేత్తో, ప్రతిసారీ సుత్తి లాగుతూ కాల్చాలంటే దానికి ఏళ్ల సాధన కావాలి. గతంలో జనం అలాగే ఆడి గెలిచారు, వాళ్లకి నమస్కారం. నా ఉద్యోగం, నా పిల్లలు, నాకున్న సమయం చూసుకుంటే అది జరిగే పని కాదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఫిలిప్పీన్స్‌లోని ఆర్మ్‌స్కోర్ తయారుచేసి రాక్ ఐలండ్ పేరుతో అమ్మే 1911, 9 ఎంఎంలో. రెండోది చెక్ దేశపు సీజెడ్ 75 బీ. రెండూ ఉక్కువే, రెండూ కిలో అటూ ఇటూ. 1911 ట్రిగ్గర్ మీటలా తిరగకుండా సూటిగా వెనక్కి జరుగుతుంది. ఆ హాయి వేరే ఏ పిస్టల్‌లోనూ దొరకదు, ఇందులో పెద్దాయన చెప్పినదానికి తిరుగులేదు. సీజెడ్ 75ని 1970లలో కౌట్స్కీ సోదరులు గీశారు. అందులో స్లైడ్ ఫ్రేమ్ పట్టాల మీద కాక పట్టాల లోపల నడుస్తుంది. అందుకే చేతికి దగ్గరగా, కిందికి కూర్చుంటుంది, తన్నినప్పుడు మూతి లేవడం తక్కువ. మొదటి తూటాకి ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా ఉంటుందని చాలామంది దీన్ని పక్కన పెడతారు. టార్గెట్ పోటీలో ఆ బెడద లేదు. స్లైడ్ లాగి తూటా ఎక్కించగానే సుత్తి వెనక్కి వెళ్లి నిలబడుతుంది కాబట్టి మొదటిదానితో సహా ప్రతి తూటా తేలిక ట్రిగ్గర్‌తోనే పోతుంది.

ఇసుక సంచి మీద రెండింటికీ పెద్ద తేడా రాలేదు. నిర్ణయించింది ఇంకో పరీక్ష. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, టార్గెట్ వైపు తిరిగి నిలబడి, కళ్లు మూసుకుని చెయ్యి సహజంగా పైకెత్తాలి. కళ్లు తెరిచాక సైట్లు ఎక్కడున్నాయో చూడాలి. 1911తో ముందు సైట్ ప్రతిసారీ వెనక గాడి పైకి లేచి కనిపించింది. సీజెడ్‌తో గాడి మధ్యలోనే నిలిచింది. ఎన్నిసార్లు చేసినా అంతే. అది నా మణికట్టు కోణం, నా అరచేతి కొలత. మీ చేతికి సరిగ్గా తలకిందులు కావచ్చు. పది సెకన్లలో ఐదు కాల్చేటప్పుడు సైట్లు వెతుక్కునే వ్యవధి ఉండదు, అవి ఉండాల్సిన చోట వాటంతటవే ఉండాలి. ఒంటిచేతి కాగితం కూడా ఆ మాటే చెప్పింది. సీజెడ్‌తో పదిలో ఎనిమిది చిల్లులు నల్ల వృత్తంలో పడ్డాయి, మిగతా రెండు కింది అంచు తాకుతూ ఉన్నాయి.

కొత్త సీజెడ్ బడ్జెట్ పైన ఉంది. పాతదాని కోసం వెతుకుతుంటే ఒక దుకాణంలో కన్‌సైన్‌మెంట్ అరలో (వేరేవాళ్ల తరఫున అమ్మిపెట్టే వస్తువుల అర) 75 బీ కనిపించింది, 475 డాలర్లు. పాత పిస్టల్ కొనేటప్పుడు నేను చూసినవి చెబుతాను. స్లైడ్ విప్పి చూపించమంటే మంచి దుకాణం కాదనదు. బ్యారెల్‌ని వెలుతురుకి పట్టి లోపలి గాడులు పదునుగా ఉన్నాయో లేదో చూశాను. మూతి అంచు దగ్గర నొక్కు గానీ గీత గానీ ఉంటే తూటా వంకరగా వెళ్తుంది, అక్కడ వేలుగోరుతో తడిమాను. 75లో స్లైడ్ స్టాప్ అనే పిన్ను విరగడం కద్దు, దాని మీద పగులు ఉందేమో చూశాను. స్లైడ్ మూసి ఉండగా బ్యారెల్‌ని పైనుంచి బొటనవేలితో నొక్కితే కదలకూడదు. సుత్తి నిలబెట్టి వెనకనుంచి బొటనవేలితో ముందుకి తోస్తే జారకూడదు. అన్నీ బాగానే ఉన్నాయి. బయట రంగు పట్టుకునే చోట అరిగింది, దానివల్లే ధర తగ్గింది. కాగితానికి రంగుతో పనిలేదు.

కొనేటప్పుడు నింపాలని పైన చెప్పిన ఆ ఫారం (4473) ఇప్పుడు చాలా దుకాణాల్లో కంప్యూటర్లోనే నింపుతారు. మన పేర్ల విషయంలో జాగ్రత్త. ఇంటిపేరు, అసలు పేరు, మధ్య పేరు డ్రైవింగ్ లైసెన్సు మీద ఎలా ఉంటే అలాగే రాయాలి. ఇనిషియల్ పెట్టి సరిపెట్టొద్దు. లైసెన్సు మీద చిరునామా ఇప్పుడున్న ఇంటిదే కావాలి. పౌరసత్వం ఉన్న దేశం, గ్రీన్ కార్డు మీది నంబరు అడుగుతారు. వివరాలు ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే వ్యవస్థకి వెళ్తాయి, ఇది 1998 నుంచి ఉంది. ‘ప్రొసీడ్’ అంటే తీసుకెళ్లొచ్చు, ‘డినై’ అంటే లేదు, ‘డిలే’ అంటే ఆగాలి. నాకు డిలే వచ్చింది. కంగారు పడాల్సిన పనిలేదు, మర్నాడు దుకాణం నుంచి ప్రొసీడ్ అని ఫోన్ వచ్చింది. టెక్సస్‌లో కొనడానికి విడిగా పర్మిట్ లేదు. న్యూజెర్సీలో పిస్టల్‌కి ముందే పర్మిట్ తీసుకోవాలి. కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి, అక్కడ కొత్త పిస్టళ్లలో ఏవి అమ్మొచ్చో రాష్ట్రం జాబితా కూడా ఉంటుంది. డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే ఫెడరల్ చట్టం ప్రకారం ఇరవై ఒకటి నిండాలి.

ఇంట్లో మాట ముందే అయిపోయింది. “ముందు సేఫ్ కొని గోడకి బిగించు, తర్వాత పిస్టల్ సంగతి చూద్దాం” అంది మా ఆవిడ. అదే వరసలో చేశాను. ఉక్కు పెట్టె, గోడలోని చెక్క స్టడ్‌కి నాలుగు బోల్టులతో బిగించాను. తూటాలు వేరే గదిలో, వేరే తాళం కింద. సేఫ్ నంబరు మా ఇద్దరికే తెలుసు. పిల్లల చేతికి అందేలా నిండిన తుపాకీ వదిలేయడం టెక్సస్ చట్టం ప్రకారం కూడా నేరమే, కానీ ఆ చట్టం లేకపోయినా ఈ విషయంలో రాజీ లేదు. అందుకే బడ్జెట్ వేసుకునేటప్పుడు సేఫ్ ఖర్చుని పిస్టల్ ధరలో కలిపే చూడాలి. ఇంకోటి, సీసం. రేంజ్ నుంచి రాగానే చన్నీళ్లతో సబ్బు పెట్టి చేతులు, ముఖం కడుక్కున్నాకే పిల్లల్ని ముట్టుకుంటాను. బూట్లు గ్యారేజీలోనే, బట్టలు విడిగా ఉతుకుతాం.

రాత్రిపూట ఖాళీ పిస్టల్‌తో గోడ మీది చిన్న నల్ల చుక్కకి గురిపెట్టి ట్రిగ్గర్ సాధన చేస్తాను. తూటాలు ఆ గదిలో ఉండవు. 75 బీతో ఇలా చేసేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఫైరింగ్ పిన్నుని పట్టి ఉంచే చిన్న రోల్ పిన్ను ఖాళీ దెబ్బలకి నలిగి విరుగుతుంది. లోపల స్నాప్ క్యాప్ అనే డమ్మీ తూటా పెట్టి సాధన చేస్తే ఆ దెబ్బ దాని మీద పడుతుంది. ఖరీదు కొద్ది డాలర్లే. పాత పిస్టల్ కాబట్టి రీకాయిల్ స్ప్రింగ్ కూడా కొత్తది వేశాను.

ఇక సైట్లు. 75 బీకి స్క్రూతో తిప్పే సైట్లు లేవు, అది దాని లోపమే. ముందుది పిన్నుతో బిగించి ఉంటుంది, వెనకది గాడిలో అటూ ఇటూ జరపొచ్చు. పక్కవాటు సరిచేయడానికి వెనక సైట్‌ని తూటా ఎటు వెళ్లాలనుకుంటే అటు జరపాలి. సుత్తితో కొట్టకుండా క్లబ్బులోని సైట్ పుషర్‌తో వెంట్రుకవాసి కుడికి జరిపాను. ఎత్తు సరిచేసింది తూటాలతో. 115 గ్రెయిన్లవి నల్ల వృత్తం కింది భాగంలో పడ్డాయి. 147 గ్రెయిన్లవి పైకి వెళ్లాయి. బరువైన తూటా నెమ్మదిగా వెళ్తుంది, అది బ్యారెల్ దాటేలోపు మూతి కాస్త ఎక్కువ పైకి లేస్తుంది, అందుకని. 124 గ్రెయిన్లవి సైట్ చూపిన చోటే పడ్డాయి. ఒక్కో రకం ఒక్కో పెట్టె కొని చూసుకున్నాకే వెయ్యి తూటాల కేసు తెప్పించాను. మీరూ అలాగే చేయండి. చవగ్గా వస్తున్నాయని ముందే కేసు కొనేస్తే, ఆ పిస్టల్‌కి అవి కుదరకపోతే వెయ్యి తూటాలూ గురి తప్పించి కాల్చుకోవాల్సి వస్తుంది.

లీగ్‌లో సెంటర్‌ఫైర్ భాగం ఆడటం మొదలుపెట్టాను. తాపీ కాల్పుల్లో నా .22 స్కోరుకి ఇప్పటికే దగ్గరగా వస్తున్నాను. పది సెకన్ల దగ్గర ఇంకా వెనకబడే ఉన్నాను, నాలుగో తూటాకి పట్టు సడలుతోంది. పెద్దాయన నా పిడికిలి చూసి, పట్టుకునే చోట గ్రిప్ చెక్క కొంచెం దళసరిగా ఉండాలన్నారు. వచ్చే వారం ఆయన వర్క్‌షాప్‌లో రెండు జతల గ్రిప్‌లు మార్చి మార్చి చూడబోతున్నాం. వెనక సైట్‌ని మార్చి స్క్రూ సైట్ పెట్టడం ఈ సీజన్ అయ్యాక. ముందు ఆ కేసులోని 124 గ్రెయిన్ల తూటాలన్నీ కాగితం మీదికి వెళ్లాలి.